గొంతునొప్పి వచ్చిన రోజు జీతం ఎంత? కోవిడ్‌లో ఇంగ్లండ్ కేర్ వర్కర్లకు అందిన సాయం, అందని సాయం

2020 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ఒక కేర్ వర్కర్ పొద్దున్నే గొంతునొప్పితో లేచిందనుకుందాం. ఏడింటికి షిఫ్ట్. ఆమె వెళ్లకపోతే ఆ అంతస్తులో ఉన్న పన్నెండు మంది వృద్ధులను లేపడం, ఒళ్లు తుడవడం, టిఫిన్ తినిపించడం, మందులివ్వడం, ఇద్దరు చేసే పనంతా ఒక్కరి మీద పడుతుంది. వెళితే, అది కోవిడే అయితే, ఆ పన్నెండు మందికీ అంటుకోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రభుత్వం మాత్రం ఇంట్లోనే ఉండమంది. ఉంటే ఆ వారం చేతికొచ్చేది ఎంత?

ఈ రంగానికి కోవిడ్ కాలంలో వందల మిలియన్ల పౌండ్లు ఇచ్చామని బ్రిటన్ ప్రభుత్వం చెప్పింది. అది నిజం. తమదాకా పెద్దగా ఏమీ రాలేదని చాలామంది కేర్ వర్కర్లు చెప్పారు. అదీ నిజమే. హెదర్ హాలెట్ అధ్యక్షతన సాగుతున్న కోవిడ్ బహిరంగ విచారణ 2025 జూన్ 30 నుంచి జులై 31 దాకా సంరక్షణ రంగం మీదే జరిగింది. అక్కడి వాదనలు విన్నవాళ్లలో చాలామందిని తికమక పెట్టింది ఈ వైరుధ్యమే. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలియాలంటే, అసలు ఈ రంగం ఎవరి చేతిలో ఉందో ముందు చూడాలి.

## ఆసుపత్రి వేరు, సోషల్ కేర్ వేరు

జబ్బు చేస్తే చూసేది ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవ. 1948 నుంచి అది పన్నుల డబ్బుతో నడుస్తోంది, రోగి దగ్గర బిల్లు తీసుకోదు. లేచి నిలబడటానికి, స్నానానికి, తిండికి, బయటికి వెళ్లడానికి మరో మనిషి సాయం కావాలంటే అది సోషల్ కేర్ కిందికి వస్తుంది. ఇది అందరికీ ఉచితం కాదు. చేతిలో 23,250 పౌండ్లకు మించి ఆస్తి ఉంటే సాధారణంగా ఖర్చు మనదే. అంతకన్నా తక్కువుంటే స్థానిక కౌన్సిల్ అవసరాన్ని అంచనా వేసి భరిస్తుంది. 2014 నాటి కేర్ చట్టం ఈ బాధ్యతను కౌన్సిళ్ల మీద పెట్టింది. ఇదంతా ముసలివాళ్ల గురించే అనుకోవడం పొరపాటు. వికలాంగులు, మేధో వైకల్యం ఉన్న యువకులు కూడా ఇందులోకే వస్తారు.

ఇక పనిచేసేవాళ్ల సంగతి. కోవిడ్ వచ్చేనాటికి ఇంగ్లండ్‌లో దాదాపు 15 లక్షల మంది ఈ రంగంలో ఉన్నారు. వాళ్లకు జీతాలిచ్చే సంస్థలు దాదాపు 18,000. కేర్ హోమ్‌లు, ఇళ్లకు మనుషుల్ని పంపే హోమ్ కేర్ కంపెనీలు, చారిటీలు, అన్నీ కలిపి 38,000 చోట్ల ఈ పని జరుగుతోంది. ఎక్కువ శాతం ప్రైవేటువే. కొన్ని పెద్ద గొలుసు కంపెనీలు, మిగతావి ఒకటి రెండు హోమ్‌లున్న చిన్న యజమానులవి. సీక్యూసీ అనే నియంత్రణ సంస్థ వీటిని తనిఖీ చేసి రేటింగ్ ఇస్తుంది కానీ నడపదు.

అంటే ఆరోగ్య మంత్రి ఎన్‌హెచ్‌ఎస్‌కు ఒక ఉత్తరం రాస్తే అది కింది దాకా వెళుతుంది. సోషల్ కేర్‌లో ఆ ఉత్తరం ఎవరికి రాయాలన్నదే మొదటి చిక్కు. పైగా ఇంగ్లండ్‌లో కేర్ వర్కర్లకు నర్సులకున్నట్టు వృత్తి రిజిస్టర్ లేదు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఉంది. ఎవరు ఎక్కడ ఎన్ని గంటలు చేస్తున్నారో చెప్పే జాబితా లండన్‌లో ఎవరి బల్ల మీదా లేదు.

కోవిడ్ రాకముందే ఈ రంగం ఒంటి కాలి మీద నడుస్తోంది. 2019-20లో ఏ రోజు చూసినా దాదాపు 1,12,000 ఉద్యోగాలు ఖాళీ. ఏడాదిలో 30 శాతం మంది ఉద్యోగం మారడమో, మానేయడమో జరిగేది. నాలుగో వంతు మందివి జీరో అవర్స్ కాంట్రాక్టులు, అంటే వారానికి ఇన్ని గంటల పని ఇస్తానన్న హామీ యజమాని ఇవ్వడు, పిలిచినప్పుడు వెళ్లాలి. ప్రైవేటు రంగంలో కేర్ వర్కర్ల మధ్యస్థ జీతం (సగం మందికి ఇంతకన్నా ఎక్కువ రాదు) 2020 మార్చిలో గంటకు 8.50 పౌండ్లు. ఆ ఏప్రిల్‌లో చట్టబద్ధ కనీస వేతనం 8.72కి పెరిగింది. అంటే సగం మందికి పైగా కనీస వేతనం ఎక్కడుంటే అక్కడున్నవాళ్లే.

## సిక్ పే లెక్క

బ్రిటన్‌లో జబ్బు చేసి పనికి రాలేకపోతే యజమాని ఇవ్వాల్సిన కనీస మొత్తం ఒకటుంది. దాన్ని చట్టబద్ధ సిక్ పే అంటారు. యజమాని తన ఇష్టంతో పూర్తి జీతం ఇవ్వొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగులకు అలాంటి ఏర్పాటే ఉంది. కేర్ హోమ్‌లలో చాలామందికి దక్కేది చట్టం చెప్పిన కనీసం మాత్రమే. 2020 ఏప్రిల్ నుంచి అది వారానికి 95.85 పౌండ్లు. అప్పట్లో మామూలుగా మొదటి మూడు రోజులకు అదీ ఉండేది కాదు. కోవిడ్ కోసం ఆ మూడు రోజుల నిబంధనను 2020 మార్చి 13 నుంచి తీసేశారు.

మన గొంతునొప్పి మనిషి దగ్గరికి వద్దాం. గంటకు 8.72 చొప్పున వారానికి 36 గంటలు చేస్తే, పన్నులు పక్కనపెడితే, 313.92 పౌండ్లు. ఇంట్లో ఎవరికో కోవిడ్ వచ్చి రెండు వారాలు ఐసొలేషన్‌లో ఉండాల్సి వచ్చిందనుకోండి. రావాల్సిన జీతం 627.84. వచ్చే సిక్ పే 191.70. పోయేది 436 పౌండ్లు. అద్దె మాత్రం ఐసొలేషన్‌లో ఉండదు.

ఇంకో మనిషిని చూద్దాం. ఈమె రెండు హోమ్‌లలో పార్ట్‌టైమ్. ఒకచోట వారానికి 12 గంటలు, 104.64 పౌండ్లు. ఇంకోచోట 13 గంటలు, 113.36 పౌండ్లు. మొత్తం 218. సిక్ పే రావాలంటే ఒక్కో యజమాని దగ్గర వారానికి కనీసం 120 పౌండ్లు సంపాదించాలన్నది అప్పటి నియమం. రెండూ కలిపి చూడరు. కాబట్టి ఈమెకు వచ్చేది సున్నా. రెండు హోమ్‌ల మధ్య తిరుగుతుంది కాబట్టి వైరస్ మోసుకెళ్లే ప్రమాదం ఈమెతోనే ఎక్కువ. ఇంట్లో కూర్చోగలిగే వీలు అందరికన్నా తక్కువున్నదీ ఈమెకే.

2020 సెప్టెంబర్ 28 నుంచి, ప్రభుత్వ భత్యాలు అందుకునే తక్కువ ఆదాయం వాళ్లు ఐసొలేషన్‌లో ఉంటే 500 పౌండ్లు ఇచ్చే పథకం వచ్చింది. అప్పటికి మొదటి తరంగం వచ్చి పోయింది.

## ఖజానా నుంచి జేబు దాకా

ప్రభుత్వానికి ఈ లెక్క తెలియక కాదు. 2020 మేలో 600 మిలియన్ పౌండ్లతో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఫండ్ ప్రకటించారు. ఐసొలేషన్‌లో ఉన్నవాళ్లకు పూర్తి జీతం ఇవ్వడం, ఒక్కొక్కరు ఒకే హోమ్‌లో పనిచేసేలా చూడటం దాని ముఖ్య ఉద్దేశాలు. ఆలోచన మంచిదే. అది నడిచిన దారి పొడవైనది.

ఖజానా నుంచి డబ్బు కౌన్సిళ్లకు వెళ్లింది. అందులో మూడొంతులు, అంటే 450 మిలియన్లు, పడకల లెక్కన నేరుగా కేర్ హోమ్‌లకు పంచమన్నారు. మిగతా పావు వంతు కౌన్సిల్ విచక్షణకు వదిలారు. హోమ్ కేర్‌కు అందులోంచి రావాలి. హోమ్ యజమాని షరతులు చదివి, ఒప్పుకుని, ఖర్చు చేసి, లెక్క చూపించాలి. ఆ తర్వాతే వర్కర్ పే స్లిప్‌లో కనిపించాలి. నాలుగు చేతులు మారే డబ్బు. ఏ చేతి దగ్గర ఆలస్యమైనా చివర్లో ఉన్న మనిషికి తెలిసేది ఒక్కటే, రాలేదని.

తేదీలు పక్కపక్కన పెడితే ఇంకోటి కనిపిస్తుంది. లాక్‌డౌన్ మార్చి 23న మొదలైంది. కేర్ హోమ్‌లలో మరణాలు ఏప్రిల్ చివర్లో శిఖరానికి చేరాయి. ఫండ్ ప్రకటన మేలో. అంటే సిక్ పే అవసరం అన్నిటికన్నా తీవ్రంగా ఉన్న వారాలు గడిచాక డబ్బు బయల్దేరింది. తర్వాత అక్టోబర్‌లో మరో 546 మిలియన్లతో పొడిగించారు, ఈసారి హోమ్ కేర్‌కూ గట్టి వాటా ఇచ్చారు. ఇలా విడతలు విడతలుగా సాగి 2022 మార్చి 31తో ఆగిపోయింది. ప్రతి విడతకూ గడువు ఉండటం వల్ల, వచ్చే నెల ఈ డబ్బు ఉంటుందో లేదో తెలియని యజమాని శాశ్వతంగా సిక్ పే పెంచుతానని మాట ఇవ్వలేడు.

యజమానుల వైపు వాదన కూడా వినాలి. మాస్కుల ఖర్చు పెరిగింది, కొత్త నివాసులు చేరక పడకలు ఖాళీ అయ్యాయి, కౌన్సిల్ ఇచ్చే ఫీజు అసలు ఖర్చుకే చాలదని వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. పోటీ నియంత్రణ సంస్థ 2017లో జరిపిన అధ్యయనం ఆ మాటకు కొంత బలం ఇచ్చింది. ఒకే హోమ్‌లో సొంత డబ్బు కట్టేవాళ్లు కౌన్సిల్ కట్టేదానికన్నా సగటున 41 శాతం ఎక్కువ కడుతున్నారని అందులో తేలింది. కార్మిక సంఘాలు దీనికి ఎదురు ప్రశ్న వేస్తాయి: పెద్ద కంపెనీల్లో అప్పుల వడ్డీలకు, లాభాలకు దొరికే డబ్బు సిక్ పే దగ్గరికొచ్చేసరికి ఎందుకు దొరకదు? ఈ రెండు వాదనలూ వేర్వేరు రకాల హోమ్‌ల గురించి చెబుతున్నాయని నా అభిప్రాయం. నాలుగు పడకగదుల పాత ఇంటిని హోమ్‌గా నడిపే యజమానినీ, వందల హోమ్‌ల కంపెనీనీ ఒకే గాటన కట్టలేం.

## వైరస్ లోపలికి ఎలా వచ్చింది

ఇది కాస్త ఇబ్బందికరమైన భాగం. 2020 మార్చి 17న ఆసుపత్రుల్లో పడకలు ఖాళీ చేయమని ఎన్‌హెచ్‌ఎస్‌కు ఆదేశం వెళ్లింది. ఆ రోజు నుంచి ఏప్రిల్ 15 దాకా దాదాపు 25,000 మందిని ఆసుపత్రుల నుంచి కేర్ హోమ్‌లకు పంపారని జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. డిశ్చార్జి అయ్యే ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయాలన్న నియమం వచ్చింది ఏప్రిల్ 15నే. లక్షణాలు లేనివాళ్ల నుంచీ వైరస్ సోకే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో హైకోర్టు చెప్పింది.

మరి మరణాలన్నిటికీ కారణం అదేనా? ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ల ద్వారా మొదలయ్యాయని చెప్పగలిగినవి మొత్తం వ్యాప్తి ఘటనల్లో 1.6 శాతమేనని ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. అప్పట్లో పరీక్షలే అరుదు, పరీక్ష చేయనివాళ్లను లెక్కించేదెలా అని విమర్శకులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అయినా బయట ఊళ్లో వైరస్ ప్రబలినప్పుడు, రోజూ లోపలికీ బయటికీ తిరిగే సిబ్బంది ద్వారా ఎక్కువగా వచ్చిందన్న మాటను చాలామంది నిపుణులు ఒప్పుకుంటారు.

అది వర్కర్ తప్పు అనేయడం తేలిక. వివాల్డీ అనే అధ్యయనం ఆ తేలికపాటి మాటకు అడ్డుపడింది. ఇంగ్లండ్‌లో 5,126 కేర్ హోమ్‌ల మేనేజర్లను ప్రశ్నలడిగి 2020 జులైలో ఫలితాలు బయటపెట్టారు. సిబ్బందికి సిక్ పే ఇచ్చే హోమ్‌లలో ఇన్‌ఫెక్షన్ తక్కువ. తాత్కాలిక సిబ్బందిని పంపే ఏజెన్సీల నుంచి మనుషుల్ని తరచూ పిలిపించే హోమ్‌లలో ఎక్కువ. ఇది పరిశీలన మాత్రమే, కారణాన్ని రుజువు చేసే ప్రయోగం కాదు. సిక్ పే ఇచ్చే హోమ్ మిగతా విషయాల్లోనూ మెరుగ్గా ఉండి ఉండొచ్చు. కానీ మనం పైన వేసిన లెక్కతో ఇది సరిగ్గా సరిపోతుంది.

అప్పుడు అందరినీ ఒకే హోమ్‌కి పరిమితం చేస్తే సరిపోయేది కదా అనిపిస్తుంది. రోటా షీట్, అంటే షిఫ్టుల పట్టిక, ఒకసారి చూస్తే ఎందుకు కుదరలేదో తెలుస్తుంది. సోమవారం రాత్రి షిఫ్ట్‌కు ముగ్గురు కావాలి. ఒకరు ఐసొలేషన్‌లో ఉన్నారు. ఒకరు పక్క హోమ్‌లో కూడా చేస్తారు కాబట్టి ఇక్కడికి రాకూడదు. మూడో గడిలో మాత్రమే పేరుంది. మేనేజర్ ఫోన్ తీసి ఏజెన్సీకి కాల్ చేస్తుంది. వచ్చే మనిషి నిన్న ఎక్కడ చేసిందో ఈమెకు తెలియదు. మనుషుల కదలిక ఆపాలని పెట్టిన నియమం, ఖాళీలున్న చోట, కొత్త కదలికను పిలుచుకొస్తుంది. ఈ నియమాన్ని చట్టంగా మార్చాలని 2020 చివర్లో ప్రభుత్వం సంప్రదింపులు జరిపినా, మనుషులు చాలరన్న అభ్యంతరాల మధ్య దాన్ని సలహా స్థాయిలోనే ఉంచింది. కొన్ని హోమ్‌లలో సిబ్బంది సామాన్లు సర్దుకుని వచ్చి వారాల తరబడి అక్కడే ఉండిపోయారు, ఆవరణలో నిలిపిన క్యారవాన్లలో పడుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. ఇంట్లో చిన్న పిల్లలున్న తల్లికి మాత్రం ఆ దారి లేదు, ఈ రంగంలో ఐదుగురిలో నలుగురు ఆడవాళ్లే.

## మాస్కులు, పరీక్షలు

మామూలు రోజుల్లో గ్లవ్స్, ఏప్రన్లు ప్రతి సంస్థా తానే కొనుక్కునేది. 2020 వసంతంలో సరుకు లేదు, ఉన్నది కొండెక్కి కూర్చుంది. హోమ్ కేర్ వాళ్ల ఇబ్బంది ఇంకోలా ఉండేది. కారు డిక్కీలో ఒక సంచి. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా కొత్త ఏప్రన్, కొత్త గ్లవ్స్ వేసుకోవాలి, బయటికొచ్చేముందు విప్పి మూట కట్టాలి, చేతులు కడుక్కోవాలి. అరగంట విజిట్‌లో ఇదంతా ఆ అరగంటలోంచే పోతుంది, లేదా జీతం రాని నిమిషాల్లోకి జరుగుతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణాన్ని కనీస వేతనం లెక్కలో పనిగానే చూడాలని చట్టం చెబుతున్నా, విజిట్ నిమిషాలకే డబ్బు లెక్కగట్టే కాంట్రాక్టులు చాలా ఉన్నాయి.

2020 సెప్టెంబర్‌లో వచ్చిన శీతాకాల ప్రణాళికతో కోవిడ్‌కు కావాల్సిన రక్షణ సామగ్రి ఉచితమైంది. జులై నుంచి హోమ్ సిబ్బందికి వారం వారం పరీక్షలు మొదలయ్యాయి. ఈ రెండూ బాగా పనిచేశాయనే అనాలి. నేరుగా వస్తువు అందింది, మధ్యలో ఎవరి విచక్షణా లేదు.

## చప్పట్లు, బ్యాడ్జి, బోనస్

మార్చి 26 నుంచి మే 28 దాకా పది గురువారాలు రాత్రి ఎనిమిదింటికి జనం గుమ్మాల్లోకొచ్చి చప్పట్లు కొట్టారు. ఏప్రిల్‌లో అప్పటి ఆరోగ్య మంత్రి మ్యాట్ హాన్‌కాక్ కేర్ వర్కర్ల కోసం ఒక ఆకుపచ్చ బ్యాడ్జిని ముందుకు తెచ్చారు. మాస్కులు అడుగుతుంటే బ్యాడ్జి ఇస్తారా అని విమర్శలొచ్చాయి. ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లకున్నట్టే తమకూ ఒక గుర్తు కావాలని కోరుకున్నవాళ్లూ లేకపోలేదు. అప్పట్లో సూపర్ మార్కెట్లలో ముందు క్యూలోకి వెళ్లాలంటే ఎన్‌హెచ్‌ఎస్ కార్డు చూపించమనేవాళ్లు మరి.

వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వాలు తలా 500 పౌండ్ల బోనస్ ప్రకటించాయి. ఇంగ్లండ్ అలాంటిదేమీ ఇవ్వలేదు. ఇచ్చినచోటా ఒక తిరకాసు ఉంది. దాని మీద పన్ను పడింది, కొందరికి ఆ నెల భత్యాలూ తగ్గాయి. వేల్స్ రెండోసారి 2021లో ఇచ్చినప్పుడు మొత్తాన్ని 735కు పెంచింది, పన్ను పోగా చాలామంది చేతికి 500 మిగలాలని.

ప్రాణం పోతే? 2020 మార్చి 9 మొదలుకొని డిసెంబర్ 28 వరకు ఇంగ్లండ్, వేల్స్‌లో సోషల్ కేర్ సిబ్బంది 469 మంది కోవిడ్‌తో చనిపోయారని జాతీయ గణాంక కార్యాలయం చెప్పింది. లక్ష మందికి మగవాళ్లలో 79, ఆడవాళ్లలో 35.9. అదే వయసు మొత్తం జనాభాలో ఆ అంకెలు 31.4, 16.8. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. వయసు తేడాలను ఈ అంకెల్లో సర్దారు కానీ, జాతి, నివసించే చోటు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు లాంటివి సర్దలేదు, కాబట్టి తేడా అంతా పనిచోటు వల్లే అనలేం. చనిపోయినవాళ్ల కుటుంబాలకు 60,000 పౌండ్లు ఇచ్చే పథకాన్ని ఏప్రిల్ చివర్లో ప్రకటించారు.

## టీకా తప్పనిసరి చేసిన నాలుగు నెలలు

టీకాల వరుసలో మొదటి స్థానం కేర్ హోమ్ నివాసులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ ఇచ్చారు. 2021 నవంబర్ 11 నుంచి ఇంగ్లండ్ కేర్ హోమ్‌లలో టీకా లేనిదే పని లేదన్నారు. హోమ్‌లో వ్యాప్తి ఆగాలంటే కనీసం 80 శాతం సిబ్బంది, 90 శాతం నివాసులు టీకా తీసుకోవాలన్న శాస్త్రవేత్తల సలహా దీనికి ఆధారం. తప్పించుకోలేని చోట పడుకుని ఉన్న మనిషికి, తన ఒళ్లు తుడిచే చేతి నుంచి రక్షణ కోరే హక్కుందన్నది బలమైన వాదనే. దాదాపు 40,000 మంది పోవచ్చని ప్రభుత్వం సొంత అంచనాలోనే ఉంది. మనుషులు లేక రాత్రి గంట మోగినా పలికేవాళ్లు లేకపోతే అది రక్షణ ఎలా అవుతుందని యజమానులు అడిగారు. ఆసుపత్రులకూ ఇదే నియమం పెట్టబోయి, ఒమిక్రాన్ వచ్చాక వెనక్కి తగ్గారు. 2022 మార్చి 15న కేర్ హోమ్‌ల నియమాన్నీ రద్దు చేశారు. అప్పటికే వెళ్లిపోయినవాళ్లలో కొందరు గిడ్డంగుల్లో, దుకాణాల్లో కుదురుకున్నారు. అక్కడ గంటకు ఇంకాస్త ఎక్కువే ఇస్తున్నారు.

## తర్వాత ఏం మిగిలింది

2021-22లో ఖాళీలు 1,65,000కు చేరాయి. ఆ లోటు పూడ్చడానికి 2022 ఫిబ్రవరి 15న కేర్ వర్కర్లకు వీసా దారి తెరిచారు, 2025 జులై 22న విదేశాల నుంచి కొత్త నియామకాలకు మూసేశారు. సిబ్బంది శిక్షణ, సంక్షేమానికి 2021లో ప్రకటించిన 500 మిలియన్లను 2023 ఏప్రిల్‌లో సగానికి కోశారు.

సిక్ పే మాత్రం మారింది. 2025 డిసెంబర్‌లో ఆమోదం పొందిన ఉపాధి హక్కుల చట్టం ప్రకారం, 2026 ఏప్రిల్ నుంచి మొదటి రోజు నుంచే సిక్ పే ఇవ్వాలి, కనీస సంపాదన నియమం ఉండదు. వారం జీతంలో 80 శాతం, లేదా అందరికీ ఒకటే ఉండే వారపు మొత్తం, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అది.

ఆ రెండు హోమ్‌ల మనిషికి 2020 నాటి అంకెలతోనే ఈ నియమం వేసి చూద్దాం. ఒకచోట 83.71, ఇంకోచోట 90.69, కలిపి 174.40 పౌండ్లు. అప్పుడు సున్నా వచ్చిన చోట ఇది. 218లో ఇంకా 44 తక్కువ. వారానికి 36 గంటలు చేసే మొదటి మనిషికి 80 శాతం అంటే 251 పౌండ్లు. కానీ ఏది తక్కువైతే అది కాబట్టి ఆమెకు వచ్చేది అప్పటి వారపు మొత్తమే, 95.85. మూడు రోజుల నిరీక్షణ కోవిడ్‌కు అప్పుడే లేదు కనుక ఆమె లెక్కలో ఒక్క పెన్నీ కూడా మారలేదు.